అత్త ఆట

ఆ పెట్టె మా ఇంటికి వచ్చిన రోజు మా అబ్బాయి దాన్ని చూసి, "ఏమే చిన్నీ, మీ కాలేజీలో వడ్రంగం కూడా నేర్పుతున్నారా?" అన్నాడు.

నల్లటి పెట్టె. పట్టుకోవడానికి పైన ఒక పిడి, ముందు రెండు కొక్కేలు. లోపల అరలు అరలుగా ఎరుపూ తెలుపూ రంగులు వేసిన చెక్క దిమ్మలు, బొమ్మల అట్టలు, ఒక స్టాప్‌వాచీ, లావుపాటి పుస్తకం. మా అమ్మాయి చిన్ని పిల్లల సైకాలజిస్టు కావాలని చదువుతోంది. ఆ ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష ఉంది. పిల్లనో పిల్లవాడినో ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆ పెట్టెలోవి ఒక్కొక్కటే తీసి ఇచ్చి, ఆ పసివాళ్ళ తెలివి ఏ మాత్రం ఉందో కొలవాలి. అదీ పుస్తకం చూడకుండా. ఎక్కడ ఏ మాట అనమని పుస్తకంలో రాసి ఉంటే అక్కడ ఆ మాటే అనాలి. ఒకటి ఎక్కువ కాకూడదు, ఒకటి తక్కువ కాకూడదు. ఎడమచేత్తో వాచీ నొక్కాలి, కుడిచేత్తో దిమ్మలు అందించాలి, కళ్ళు మాత్రం పిల్లల మొహం మీదే ఉండాలి. పరీక్ష రోజున వాళ్ళ మేడమ్ పక్కనే కూర్చుని ఇదంతా కనిపెట్టి చూస్తుందట.

"దీనికి మూడు చేతులు కావాలమ్మా" అంది చిన్ని.

"వంటింట్లోకి రా. రెండు చేతులతో ఎన్ని పనులు అవుతాయో చూపిస్తాను" అన్నాను.

మొదట నా మీదే ప్రయోగం మొదలుపెట్టింది. ఒక అట్ట నా ముందు పెట్టి, గొంతు సవరించుకుని, "ఈ బొమ్మలో ముఖ్యమైనది ఒకటి లేదు. ఏం లేదో చెప్పు" అంది.

"తలుపుకి గడియ లేదు. మన పెరటి తలుపుకీ లేదు. మీ అన్నయ్యకి చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది."

"అమ్మా! జవాబు ఒక్కటి చెప్పు చాలు. సంసారం అంతా చెప్పకు."

"మరి నువ్వు ముఖ్యమైనది అన్నావుగా?"

దాంతో నన్ను వదిలేసింది. పెద్దవాళ్ళు పనికిరారు, పిల్లలే కావాలి అంది. వాళ్ళ మేడమ్ చెప్పిన పద్ధతి ఏమిటంటే, బయటి పిల్లల్ని వెతుక్కోవాలి, ఒక్కో పిల్లతో ఒక్కసారే చెయ్యాలి, ఇంటి పిల్లల జోలికి పోకూడదు. చిన్ని మా వీధిలో వాళ్ళనీ వీళ్ళనీ బతిమాలి నలుగురైదుగురిని తెచ్చుకుంది. ఒకడు దిమ్మ నోట్లో పెట్టుకుని ఎంతకీ తియ్యలేదు. ఇంకో పిల్ల వెనకాల వాళ్ళమ్మ కూర్చుని అన్నిటికీ తనే జవాబులు చెప్పింది. మూడోవాడి తల్లి మర్నాడు పొద్దున్నే వచ్చి, "మావాడికి ఎన్ని వచ్చాయి? పక్కింటి వాడికంటే ఎక్కువేనా?" అని గుమ్మంలో నిలబడింది. అవి చెప్పకూడదని చిన్ని అంటే ఆవిడకి కోపం వచ్చింది. ఆ కోపం వీధంతా పాకింది. ఆ తరవాత మా ఇంటికి పిల్లల్ని పంపడం మానేశారు.

ఇంట్లో మిగిలింది చిలక.

చిలక మా అబ్బాయి కూతురు. రెండో తరగతి. ఎవరేమన్నా చివరి మాట తిరిగి అనేది. "పాలు తాగావా?" అంటే "తాగావా" అనేది. అందుకని చిలక అని పేరు పెట్టాం, అది విని అందరం నవ్వుకునేవాళ్ళం. గ్లాసు తీసుకొచ్చి, కిటికీ మూసి రమ్మంటే, గ్లాసు తెచ్చి కిటికీ దగ్గర నిలబడిపోయేది. "నా కూతురు ఏదో పెద్ద ఆలోచనలో ఉంది, కదిలించకండి" అనేవాడు మా అబ్బాయి. దానికి వాళ్ళ అత్త అంటే ప్రాణం. చిన్ని కాలేజీ నుంచి వచ్చే వేళకి వీధి మెట్టు మీద చెప్పులు తారుమారుగా వేసుకుని కూర్చునేది.

"ఒక్కసారికేం కాదులే" అంది చిన్ని. నాతో అన్నట్టు లేదు, తనతో తనే అనుకున్నట్టు అంది.

ముందు గదిలో కిటికీ కింద చాప పరిచారు. నేను ఉతికిన బట్టలు మడతపెడుతూ పక్కన కూర్చున్నాను. చిన్ని అనాల్సిన మాటలు ముందువి వెనకా, వెనకవి ముందూ అనేసింది. వాచీ నొక్కడం మరిచిపోయింది. దిమ్మలు ఇవ్వబోతే రెండు జారి మంచం కిందికి దొర్లాయి. ఎలా పేర్చాలో అట్ట మీద బొమ్మ ఉంటే, చిలక ఆ బొమ్మ చూడకుండా దిమ్మలన్నిటినీ రైలు పెట్టెల్లా వరసగా పెట్టి, అత్త మొహంలోకి చూసింది. కథ బొమ్మలు నాలుగు ఇచ్చి, ఏది ముందు ఏది తరవాత పెట్టమంటే, "కుక్క. పిల్లాడు. కుక్క" అని ఊరుకుంది. చిన్ని పుస్తకంలోకి ఒకసారి, తన చేతుల్లోకి ఒకసారి చూసుకుంటూ చెమటలు కక్కింది.

అయిపోయాక పెట్టె మూసి, "అంతా పాడుచేశానమ్మా. నేను తడబడితే అదీ తడబడింది. నేను సరిగ్గా ఇచ్చి ఉంటే అదీ సరిగ్గా చేసేది" అంది.

నాకూ అది నిజమే అనిపించింది. వడ్డించేవాళ్ళు తొట్రుపడితే తినేవాళ్ళు మాత్రం ఎలా తింటారు?

మళ్ళీ చేసింది. ఆ వారంలోనే ఇంకోసారి. ఆ తరవాత లెక్క లేదు. సాయంత్రం కాగానే చిలకే వెళ్ళి పెట్టె పిడి పట్టుకుని ఈడ్చుకొచ్చేది. "అత్త ఆట, అత్త ఆట" అని గంతులు వేసేది. చిన్ని చెయ్యి నెమ్మదిగా కుదురుకుంది. వాచీ వేపు చూడకుండా నొక్కేది. మాటలు పుస్తకంలో ఉన్నట్టే నదురూ బెదురూ లేకుండా వచ్చేవి. అటు చిలక కూడా కుదురుకుంది. దిమ్మలు టకటకా పేర్చి చేతులు ఒళ్ళో పెట్టుకునేది. ఆట మధ్యలో కబుర్లు చెప్పకూడదని అత్త చెప్పింది కాబట్టి పెదాలు బిగించి కూర్చునేది. కుక్క పిల్లాడి చెప్పు ఎత్తుకుపోయిన కథ వరసగా పెట్టేసి, చప్పుడు చెయ్యకుండా నవ్వేది.

"చూశావా అమ్మా, ఇచ్చే పద్ధతిలో ఇస్తే పిల్లలు ఎలా చేస్తారో!" అనేది చిన్ని.

పరీక్షలో చిన్నికి మంచి మార్కులు వచ్చాయి. ఒక్కసారి కూడా చేతుల వంక చూసుకోలేదని వాళ్ళ మేడమ్ అందరి ముందూ మెచ్చుకుందట. పెట్టె తిరిగి కాలేజీకి వెళ్ళింది. చిన్ని శిక్షణ కోసం ఇంకో ఊళ్ళో పిల్లల ఆస్పత్రికి వెళ్ళింది. అక్కడే హాస్టలు. చిలక కొన్నాళ్ళు వీధి మెట్టు మీద కూర్చుంది, తరవాత మానేసింది.

ఆ తరవాతే బడి నుంచి మా కోడలికి కబురు వచ్చింది.

కోడలు టెలిఫోను ఆఫీసులో పనిచేస్తుంది. పొద్దున్న వెళితే చీకటి పడే వేళకి వస్తుంది. వచ్చాక కాళ్ళు కడుక్కుని చిలక పుస్తకాల సంచీ ముందు కూర్చుంటుంది. ఇద్దరూ ఒకే పేజీ మీద కూర్చుని కూర్చుని, చివరికి తల్లి కళ్ళు తుడుచుకునేది, పిల్ల తల్లి కళ్ళు చూసి తన కళ్ళు తుడుచుకునేది. ఆ రోజు కోడలు బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అత్తయ్యా, టీచరు ఏమందో తెలుసా? తను చెబితే చిలక తిరిగి చెబుతుందట. పుస్తకం మూస్తే ఏమీ ఉండదట. దానికి ఏదో లోటు ఉందేమో, ఆస్పత్రిలో పరీక్ష చేయించండి అంది. లోటు ఉందని తేలితే బడిలో చిన్న క్లాసు ఒకటి ఉందట. పది మంది లోపు పిల్లలు, వాళ్ళకి వేరే టీచరు. చెప్పిందే ఎన్నిసార్లయినా చెబుతారట, విసుక్కోరట. సీట్లు కొన్నే. అందుకని త్వరగా తేల్చుకోమంది."

"చిన్నికి ఫోను చేసి అడుగుదామా?"

"వద్దు" అన్నాడు మా అబ్బాయి, వెనక నుంచి. అప్పుడే వచ్చాడు. "అది వచ్చి నా కూతుర్ని కేసు అంటుంది. ఇంట్లో వాళ్ళని కేసులు అనడానికా దాన్ని చదివించింది?"

కోడలు కూడా వద్దనే అంది. ఆమె కారణం వేరు. "చిన్ని ఇన్నాళ్ళు ఇంట్లోనే ఉంది కదా అత్తయ్యా. ఏమీ అనలేదు. ఏదైనా ఉంటే దానికి తెలియదా? ముందు మనం తేల్చుకుందాం."

ఆ మాటతో నేనూ ఊరుకున్నాను.

ఆస్పత్రికి కోడలూ నేనూ చిలకని తీసుకుని వెళ్ళాం. పొడుగాటి వసారా, గోడ పొడుగునా బల్లలు, మూలన గాజు తొట్టిలో ఒకే ఒక్క చేప. ఆస్పత్రి సైకాలజిస్టు నెమ్మదైన మనిషి, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది. చిలక పేరూ వయసూ అడిగి రాసుకున్నాడు.

"ఇంతకు ముందు ఎక్కడైనా పరీక్ష చేయించారా?"

"లేదండీ. ఇదే మొదలు" అంది కోడలు. నేనూ తల ఊపాను. అబద్ధం ఆడుతున్నామని ఇద్దరిలో ఎవరికీ తెలియదు. మా దృష్టిలో పరీక్ష అంటే ఆస్పత్రిలో చేసేది. ఇంట్లో చాప మీద జరిగింది అత్త ఆట.

చిలకని లోపలికి తీసుకెళ్ళి తలుపు వేశాడు. తలుపుకి చిన్న అద్దం పలక ఉంది. నేను మునివేళ్ళ మీద లేచి చూశాను. బల్ల మీద ఏముందో ఆయన వీపు అడ్డం వచ్చి కనపడలేదు. చిలక మొహం మాత్రం కనిపించింది. పెదాలు బిగించి, కళ్ళు మెరిపిస్తూ, ఏదో చకచకా చేసి, చేతులు ఒళ్ళో పెట్టుకుని మహారాణిలా కూర్చుంది. "భయపడటం లేదే, బాగానే చేస్తోంది" అని కోడలికి చెప్పాను. ఆమె కూడా లేచి చూసి నా భుజం పట్టుకుంది.

బయటికి వస్తూనే చిలక "అత్త ఆట!" అంది.

"పాపం, అత్త మీద బెంగ పెట్టుకుంది" అన్నాను. కోడలు నవ్వి ముద్దు పెట్టుకుంది. చిన్ని పెట్టె, ఆయన పెట్టె ఒకటేనని తెలిసి ఉన్నా మేము ఏం చేసి ఉండేవాళ్ళమో నాకు తెలియదు. మంచిదే అయింది అనుకునేవాళ్ళమేమో. ఏ పరీక్షకైనా పిల్లని చదివించే కదా పంపుతాం! ముందుగా చదివితే చెడిపోయే పరీక్ష ఒకటి ఉంటుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

వారం తరవాత కాగితం ఇచ్చారు. చిలక తెలివికి ఏ లోటూ లేదు. తన ఈడు పిల్లలకంటే ఒక మెట్టు పైనే ఉంది. చదువు మీద మనసు పెట్టడం లేదు, ఇంట్లో కాస్త క్రమశిక్షణ ఉండాలి అని రాశారు.

మా అబ్బాయి ఆ కాగితాన్ని ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించి తెచ్చాడు. "ఒక మెట్టు పైన! చెప్పానా? నా పోలికే. నేనూ చిన్నప్పుడు చదివేవాణ్ణి కాదు" అన్నాడు.

"అదేం గొప్పా?" అంది కోడలు. కానీ ఆమె మొహం కూడా తేటపడింది. ఆ ఒక్క రాత్రి పుస్తకాల సంచీ విప్పలేదు.

బడివాళ్ళు ఆ కాగితాన్ని ఇంకోలా చదివారు. తెలివి ఉండీ చదవడం లేదంటే మొండితనం అన్నమాట. చిన్న క్లాసు సంగతి మళ్ళీ ఎత్తలేదు. అదివరకు చిలక జవాబు చెప్పకపోతే టీచరు ఇంకోసారి అడిగేది. ఇప్పుడు బల్ల పక్కన నిలబెట్టడం మొదలుపెట్టింది. "నీకు వచ్చని నాకు తెలుసు. వచ్చి కూడా చెప్పవేం?" అనేదట. ఇంట్లో మా అబ్బాయీ అదే పాట. చెయ్యి ఎత్తే మనిషి కాదు. కానీ "కావాలనే చేస్తున్నావు, నాకు తెలియదనుకోకు" అని రోజూ అనేవాడు. "అనుకోకు" అనేది చిలక. అది ఎగతాళి అనుకుని ఇంకా మండిపడేవాడు.

పిల్ల చిక్కిపోయింది. బడి వేళకి కడుపునొప్పి అనేది. అదీ కావాలనే అన్నారు.

సెలవు దొరికి చిన్ని ఇంటికి వచ్చింది. శనివారం పొద్దున్న. వస్తూనే చిలకని ఎత్తుకుని, "ఇదేంటి, ఇలా తేలికైపోయింది?" అంది. కోడలు ఇక ఆపుకోలేక అంతా చెప్పేసింది. బడి సంగతి, ఆస్పత్రి సంగతి, కాగితం సంగతి.

చిన్ని పిల్లని కిందికి దించింది. "ఏ పరీక్ష వదినా?"

"ఏమో, నాకేం తెలుసు? లోపల చేశారు."

"నీ పెట్టె అత్తా" అంది చిలక. "ఆయనకి సరిగ్గా రాదు. పుస్తకం చూసుకుంటాడు."

చిన్ని చాప లేని నేల మీదే కూర్చుండిపోయింది. దానికి ఒంట్లో బాగోలేదేమోనని ముందు నాకు అనిపించింది. కోడలు నీళ్ళు తెచ్చింది. ఆ గ్లాసు పట్టుకుని, తాగకుండానే, జరిగిందేమిటో మాకు చెప్పింది. ఆ పెట్టెలోవి ఎప్పుడూ చూడని పిల్లకి ఇస్తేనే కొలత నిలుస్తుంది. చూసిన పిల్లకి ఇస్తే వచ్చేది తెలివి కాదు, జ్ఞాపకం.

కోడలికి అర్థం కావడానికి కాస్త సేపు పట్టింది. అర్థమయ్యాక అరవలేదు. "అంటే లోటు ఉందన్నమాట" అంది మెల్లగా.

"ఉందో లేదో ఇప్పుడు చెప్పలేం వదినా. అదే అసలు సంగతి."

ఆ మధ్యాహ్నమే చిన్నీ నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. ఆ సైకాలజిస్టు ఇంటికి బయల్దేరబోతున్నాడు. చిన్ని చెప్పడం మొదలుపెట్టగానే సంచీ బల్ల మీద పెట్టి మళ్ళీ కూర్చున్నాడు.

"నేను అడిగానే" అన్నాడు నా వంక చూసి.

నేను తల దించుకున్నాను.

"ఎన్నిసార్లు చేశావమ్మా?" అని చిన్నిని అడిగాడు.

"చాలాసార్లు."

"మొదటిసారి ఎలా చేసింది? ఆ ఒక్కటీ దొరికితే ఏదో ఒకటి చెయ్యొచ్చు. మొదటిసారిది ఒక్కటే ఆ పిల్లది. మిగతావన్నీ నీవి."

చిన్ని తల అడ్డంగా ఊపింది. "నాకు తెలియదు సార్. నేను నా చేతులు చూసుకుంటున్నాను."

ఆ రోజు చిలక దిమ్మల్ని రైలు పెట్టెల్లా పేర్చిందని నేను చెప్పాను. కుక్క, పిల్లాడు, కుక్క అని చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. "నిజమే అయ్యుంటుందండీ. కానీ వాచీ లేకుండా, మాట మాట సరిగ్గా అనకుండా చేసినదానికి విలువ కట్టలేను" అన్నాడు.

ఇంకో రకం పెట్టె ఉందా అని చిన్ని అడిగింది. మన భాషలో పిల్లలకి వాడదగ్గది ఇదొక్కటే అన్నాడు. ఇంకోటి తయారవుతోందని వింటున్నాడట, ఎప్పటి నుంచో వింటూనే ఉన్నాడట. ఇది చిలక మరిచిపోయేదాకా ఆగి మళ్ళీ చెయ్యాలి. ఎంతకాలం అంటే చెప్పలేనన్నాడు.

"ఈ కాగితం రద్దు చెయ్యండి సార్."

"తల్లిదండ్రులు ఇద్దరూ వచ్చి సంతకం పెట్టి అడిగితే రద్దు చేస్తాను. అప్పుడు పిల్ల చేతిలో ఏ కాగితమూ ఉండదు. లోటు ఉందనే కాగితం లేనిదే చిన్న క్లాసులోకి తీసుకోరు. ఇది ఉన్నా సీటు రాదు, లేకపోయినా రాదు." కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది లేకపోతే కనీసం మొండి అనరేమో. అంతవరకే."

తిరిగి వస్తుంటే దారి పొడుగునా చిన్ని నా చెయ్యి పట్టుకుని నడిచింది. చిన్నప్పుడు కూడా అది అలా నడవలేదు. ఎప్పుడూ ముందు పరుగెత్తేది.

ఇంట్లో మా అబ్బాయి సంతకానికి ఒప్పుకోలేదు.

"ఉన్నదాన్ని తీసేసుకోండి అని నా చేత్తో నేను రాసివ్వాలా? నా కూతురు మొద్దు అని నేను సంతకం పెట్టాలా?"

"మొద్దు అని ఎవరన్నారన్నయ్యా? అది నేర్చుకుంటుంది. నా ఆట ఎలా నేర్చుకుందో చూశావుగా! అలా మెల్లగా, మళ్ళీ మళ్ళీ, నవ్వుతూ చెబితే దానికి వస్తుంది. ఆ చిన్న క్లాసులో చేసేది అదే."

"ఆ క్లాసులోకి ఎలాగూ తీసుకోరని నువ్వే చెబుతున్నావు. మరి ఈ సంతకం దేనికి?"

"దాన్ని నిలబెట్టకుండా ఉండటానికి."

"నీ పరీక్ష కోసం నా పిల్లని వాడుకున్నావు. నీ మార్కులు నీకు వచ్చాయి. ఇప్పుడు దాని మార్కులు కూడా నీవే అంటున్నావు."

ఆ మాటకి చిన్ని, చదువు మానేసి ఇంట్లో ఉంటాను, చిలకకి నేనే చెబుతాను అంది. "ఎవరడిగారు నిన్ను?" అన్నాడు వాడు. కోడలు మాత్రం, "నేను సంతకం పెడతాను" అంది. ఒక్క సంతకం చెల్లదు. అది ఆమెకీ తెలుసు. వాడు లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు. కోడలు లోపలికి వెళ్ళి బట్టలు ఇస్త్రీ చెయ్యడానికి కూర్చుంది. అన్నాచెల్లెళ్ళలో ఎవరిని అనాలో నాకు తెలియలేదు. వాడు నా కొడుకు, ఇది నా కూతురు. కక్కలేను, మింగలేను.

మర్నాడు ఆదివారం. చిన్ని పొద్దున్నే చిలకని దగ్గర కూర్చోబెట్టుకుని పాఠం పుస్తకం తీసింది. చిలక దూరంగా జరిగి గోడకి ఆనుకుంది. "ఆడుకుందాం రావే" అంటే "రావే" అంది కానీ కదల్లేదు. చిన్ని పుస్తకం మూసేసి, ఊరికే చేతులు చాచింది. అప్పుడు వచ్చి ఒళ్ళో పడుకుంది. చిన్ని జుట్టు నిమిరింది. చిలక కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి గాలిలో ఎత్తి బొటనవేలు నొక్కింది. చిన్ని వాచీ నొక్కినట్టే. పొద్దున్న చెప్పిన అక్షరం సాయంత్రానికి జారిపోయే పిల్ల, ఆ ఆట మాత్రం ఇంకా మరవలేదు.

చిన్ని మధ్యాహ్నం బండికి వెళ్ళాలి. సోమవారం నుంచి దాన్ని పిల్లల గదిలో ఒంటరిగా కూర్చోబెడతారట. ఇక పక్కన మేడమ్ ఉండదు, పిల్లలు వస్తారు, ఇదే చూడాలి. ఆ సంగతి నాకు చెబుతూ సంచీ సర్దుకుంది. సంతోషంగా చెప్పాల్సిన మాట. గోడకి చెబుతున్నట్టు చెప్పింది.

బయల్దేరే ముందు చెప్పులు వేసుకోవడానికి వీధి మెట్టు మీద కూర్చుంటే, చిలక వచ్చి దాని పక్కన కూర్చుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"అత్తా."

"ఏం తల్లీ?"

"నేను కావాలనే చేస్తున్నానట."

చిలక అంత పొడుగు మాట సొంతంగా అనడం నేను వినడం తక్కువ. చిన్ని చెప్పు పట్టీ వదిలేసి దాని వేపు తిరిగింది.

"కాదమ్మా. నువ్వు కావాలని చెయ్యట్లేదు."

"టీచరు అంది. నాన్న కూడా అన్నాడు." కాస్సేపు ఆగింది. ఏదో వెతుక్కుంటున్నట్టు నుదురు ముడిచింది. "ఎలా మానాలత్తా? కావాలని చెయ్యడం."

చిన్ని దాని రెండు చేతులూ పట్టుకుంది. పిల్లలు అడిగేవాటికి జవాబులు చెప్పడానికే కదా అది ఇన్నేళ్ళు చదివింది! చిలక ఓపిగ్గా ఎదురుచూసింది. తరవాత తల తిప్పి నా వంక చూసింది.

"నాయనమ్మా, నీకు తెలుసా?"

వీధి చివర మా అబ్బాయి వస్తున్నాడు. చెల్లెలి సంచీ బండిదాకా మోసుకెళ్ళడానికి, కోపం కోపమే, వస్తున్నాడు. చిలక వాళ్ళ నాన్నని చూసి లేచి నిలబడింది, గౌను సరిచేసుకుంది.

"పోనీలే అత్తా" అంది, మెల్లగా, పెద్దవాళ్ళని ఊరడించేటట్టు. "రేపటి నుంచి మానేస్తాలే."